రోజువారీ పెట్టె తీసేశాక: అనంతపురంలో పుట్టిన ఒక ఆన్‌లైన్ ఆట, దాని ప్లేయర్లు – కేస్ స్టడీ

మా ఊళ్ళో ఇద్దరు యువకులు కట్టిన ఆన్‌లైన్ ఫాంటసీ ఆట, అంటే కోటలూ రాక్షసులూ ఉండే కల్పిత లోకంలో చాలామంది కలిసి ఆడే ఆట గురించి రాస్తున్నాను. ఆట పేరు గానీ, ప్లేయర్ల పేర్లు గానీ ఇక్కడ చెప్పడం లేదు. నేను గేమ్ డిజైన్ పని చేస్తాను. "బాగుందనే అంటాండారు, మరి ఎందుకు వదిలేస్తాండారో చూసి చెప్పక్కా" అని ఆ ఇద్దరూ అడిగితే ఒప్పుకున్న పని ఇది.

ఆట మొత్తం తెలుగు అక్షరాల మీదే నడుస్తుంది. బొమ్మలు దాదాపు లేవు. కోట, చెరువు, అడవి, సొరంగం, సంత అన్నీ వర్ణనలోనే ఉంటాయి. ప్లేయర్ ఏం చేయాలనుకుంటే అది టైప్ చేస్తాడు, లేదంటే తెర కింద ఉన్న మాటల్లో ఒకదాన్ని నొక్కుతాడు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ చేసిన 'మడ్' అనే ఆటతో ఈ తరహా మొదలైంది. ఇప్పుడు వస్తున్న పెద్ద పెద్ద ఆన్‌లైన్ ఫాంటసీ ఆటల్లో చాలావాటికి తాత అదే. డేటా తక్కువ తింటుంది, పాత ఫోన్‌లోనూ తెరుచుకుంటుంది కాబట్టి మన వైపు దీనికి చోటుంది. ఇందులోని కోటను గుత్తి, పెనుకొండ కోటలు చూసి రాశారు. ఆ రాత చాలా బాగుంటుంది, అది నిజం. సమస్య రాతలో లేదు.

టీమ్ చూపించిన లెక్కల్లో రోజూ లాగిన్ అయ్యేవాళ్ళ సంఖ్య నిలకడగానే ఉంది. అందుకే వాళ్ళకు విషయం అంతుపట్టలేదు. నేను లాగిన్‌లు పక్కన పెట్టి చాట్ తీసి చూశాను. సంతలో, కోట వాకిట్లో, గిల్డ్ (జట్టుగా కలిసి ఆడే ప్లేయర్ల సంఘం) గదుల్లో రాత్రి తొమ్మిదిన్నర తర్వాత గోలగోలగా ఉండాల్సిన సమయానికి మాటే లేదు. లోపలికి వస్తున్నారు, రోజువారీ బహుమతి పెట్టె తెరుస్తున్నారు, వెళ్ళిపోతున్నారు. పెట్టె వరుసగా 30 రోజులు తెరిస్తే చివర్లో అరుదైన గుర్రం వస్తుంది. మధ్యలో ఒక్క రోజు తప్పినా మళ్ళీ ఒకటో రోజు నుంచి మొదలు. ఈ పద్ధతి ఇప్పుడు ఫోన్ ఆటల్లో ఎక్కడ చూసినా ఉంది, వాళ్ళు కూడా అందరిలాగే పెట్టారు. ఆట కాస్తా బడి హాజరు పట్టీ అయి కూర్చుంది.

అడిగిన ప్రశ్న

వదిలేసినవాళ్ళతో, ఇంకా ఆడుతున్నవాళ్ళతో మాట్లాడాను. కొందరితో ఫోన్‌లో, కొందరితో టవర్ క్లాక్ దగ్గర టీ తాగుతూ. "ఆట నచ్చిందా?" అని ఎవర్నీ అడగలేదు. అలా అడిగితే మనవాళ్ళు మర్యాదకు "బాగుంది" అంటారు, అక్కడితో అయిపోతుంది. నేను అందర్నీ అడిగింది ఒకటే: "చివరిసారి ఆడినప్పుడు ఏం జరిగింది?"

ఈ ప్రశ్న మీద నాకు చాలా నమ్మకం. ఆట ఆస్వాదించిన మనిషి వెంటనే ఏదో ఒక సంగతి చెప్తాడు. సొరంగంలో దివిటీ ఆరిపోయిందనో, ఎవడో తెలియనివాడు వచ్చి కాపాడాడనో, పక్క గిల్డ్ మోసం చేసిందనో. ఆస్వాదించనివాడు అంకెలు చెప్తాడు. "ఇరవై రెండో రోజు పెట్టె తీసినా. లెవెల్ 41."

ముగ్గురి జవాబులు ఇక్కడ రాస్తాను. తర్వాత చేసిన మార్పులన్నీ వీటి నుంచే పుట్టాయి.

మొదటావిడ కళ్యాణదుర్గం వైపు హైస్కూల్ టీచర్. కోట చుట్టూ ఉన్న దారులన్నీ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో మ్యాప్ గీసుకుంది. ఆ పుస్తకం నేను చూశాను. ఏ బావి మెట్టు దగ్గర ఏ వాక్యం వస్తుందో కూడా మార్జిన్‌లో రాసుకుంది. బార్టిల్ 1996లో రాసిన వ్యాసంలో ఇలాంటి ఆటల్లోకి వచ్చేవాళ్ళను నాలుగు రకాలుగా విడదీశాడు: లక్ష్యాలు సాధించేవాళ్ళు, ప్రపంచాన్ని శోధించేవాళ్ళు, మనుషుల కోసం వచ్చేవాళ్ళు, ఇతరుల మీద పైచేయి కోరేవాళ్ళు. ఈమె అచ్చంగా రెండో రకం. పెట్టెతో ఆమెకు పనే లేదు, అయినా ఉంది కదా అని తెరుస్తూ వచ్చింది. ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడింది. పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇల్లు. వరుస తెగింది. "గుర్రం మీద నాకు ఆశేమీ లేదు మేడం. కానీ మళ్ళీ ఒకటి నుంచి అని చూడగానే ఇంకెందుకులే అనిపించింది" అంది. సగం గీసిన మ్యాప్ అలాగే ఉండిపోయింది. అసలు ఆటతో సంబంధం లేని ఒక లెక్క, ఆటను అంతగా ప్రేమించిన మనిషిని బయటికి పంపింది. ఇది నన్ను బాగా బాధపెట్టింది.

రెండో అతను ఇంజనీరింగ్ విద్యార్థి. ఒక్క రోజు తప్పలేదు, అందరికంటే పై లెవెల్. ఆడుతుంటే ఎలా ఉంటుందని అడిగితే కాసేపు ఆగి, "తెలీదక్కా. నిలిపితే వెనకబడతానని ఆడతాండా" అన్నాడు. లాగిన్ లెక్కల్లో ఇతనే అందరికంటే మంచి ప్లేయర్! ఆపలేకపోవడాన్ని ఇష్టం అనుకోవడం మా రంగంలో చాలామంది చేసే పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆట మీద అదుపు కోల్పోయి, చదువు, ఇల్లు, పని దెబ్బతింటున్నా కొనసాగించడాన్ని అది ఒక రుగ్మతగానే చెప్తుంది. ఈ అబ్బాయికి అది ఉందని నేను అనను, అది డాక్టర్ చెప్పాల్సిన మాట. కానీ ఆ దిశగా మనిషిని తోసే ఏర్పాటును ఆటలో ఉంచకూడదని టీమ్‌కు గట్టిగానే చెప్పాను.

మూడో అతను ధర్మవరంలో మగ్గం నేస్తాడు. ఆటలో చేపలు పడతాడు, అంతే. సంతలో బట్టలు నేసే వృత్తి కూడా ఉంది, బాగా డబ్బులొస్తాయి, అది ఎందుకు తీసుకోలేదని అడిగాను. "ఇంట్లో మగ్గమే, ఆటలోనూ మగ్గమేనా అక్కా? నీళ్ళ పక్కన కూచోవాలని ఉంటాది" అన్నాడు. చెరువు దగ్గర రాత్రిపూట ఏ వాక్యాలు వస్తాయో నోటికి చెప్పాడు. అయితే అతని చేపలు కొనేవాళ్ళు లేరు. ఆటలోని అంగడి అంతకంటే చవగ్గా అమ్ముతుంది. "నేనున్నా లేకున్నా ఒకటే గదా" అన్నాడు.

మార్చినవి

ముందు పెట్టె తీసేయించాను. వాళ్ళిద్దరూ భయపడ్డారు, లాగిన్‌లు పడిపోతాయని. పడిపోతాయనే నేనూ చెప్పాను. పెట్టె కోసమే వచ్చేవాళ్ళు రారు, అప్పుడే అసలు ఎంతమంది ఆడుతున్నారో తెలుస్తుంది అన్నాను.

దాని బదులు 'విశ్రాంతి' పెట్టాం. ప్లేయర్ ఆటకు దూరంగా ఉన్నంతసేపు అతని పాత్ర సత్రంలో నిద్రపోతుంది. తిరిగొచ్చాక కొంతసేపు, లెవెల్ పెంచే అనుభవం పాయింట్లు రెట్టింపు వస్తాయి. ఈ ఆలోచన నాది కాదు. 2004 నవంబర్‌లో విడుదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ ఆటది. విడుదలకు ముందు బీటా పరీక్షల కాలంలో వాళ్ళు మొదట ఎక్కువసేపు ఆడితే పాయింట్లు సగానికి తగ్గేలా పెట్టారు. ప్లేయర్లు మండిపడ్డారు. అప్పుడు లెక్కను తిరగేసి, మామూలుగా వచ్చేవే 100 శాతం, విశ్రాంతి తీసుకుని వచ్చినవాళ్ళకు 200 శాతం అన్నారు. అంకెలు దాదాపు అవే. కానీ శిక్ష కాస్తా కానుక అయింది, గొడవ చల్లారింది. మా ఆటలో దీనివల్ల వాల్యుయేషన్‌కు పోయిన టీచరమ్మ, వేరుశనగ కోతలకు పోయిన రైతు కొడుకు తిరిగొస్తే పోగొట్టుకునేది ఏమీ ఉండదు.

ఫైనల్ ఫాంటసీ 14 ఆటను నడిపే నవోకి యోషిదా కూడా ఇదే ధోరణిలో మాట్లాడతాడు. కొత్త కథ వచ్చినప్పుడు ఆడండి, అయిపోయాక వేరే ఆటలు ఆడుకోండి, మళ్ళీ రండి అని బాహాటంగానే చెప్పాడు. 2010లో ఘోరంగా విఫలమైన ఆటను 2013లో మళ్ళీ కట్టి నిలబెట్టినవాడి మాట అది. అయితే అదే ఆటలో ఇల్లు కొనుక్కున్నవాళ్ళు 45 రోజులు ఆ గడప తొక్కకపోతే ఇల్లు కూల్చేస్తారు. స్థలం తక్కువ, కావాల్సినవాళ్ళు ఎక్కువ, అదీ కారణం. మాకు ఆ ఇబ్బంది లేదు. అక్షరాల ఊరికి స్థలం కొరత ఉండదు, కాబట్టి ఎవరి ఇల్లూ తీసేయొద్దని నిర్ణయించాం.

అంగడి దగ్గర ఏం చేశామో కొంచెం వివరంగా చెప్పాలి, ఈ కేసులో అన్నిటికంటే పనిచేసింది అదే. పాత పద్ధతిలో ఆట నడిపే అంగడిలో అన్నీ దొరికేవి. కత్తి, మందు, దివిటీ, చేప, తాడు, ఏదైనా. ప్లేయర్‌కు ఇంకో ప్లేయర్‌తో అవసరమే రాలేదు. 2003లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్ దీనికి పూర్తిగా ఎదురు పద్ధతిలో ఉండేది. యుద్ధంలో అలసిన యోధుడు ఊళ్ళోకొచ్చి, వినోదశాలలో వేరే ప్లేయర్ నాట్యం చేస్తుంటే చూస్తేనే ఆ అలసట తీరేది. కత్తి పట్టనివాళ్ళకూ అక్కడ గౌరవమైన చోటు దొరికింది. 2005 నవంబర్‌లో కంపెనీ ఆ ఆటను సులభం చేద్దామని ముప్పైకి పైగా ఉన్న వృత్తులను 9కి కుదించింది. పాత ప్లేయర్లు పెద్దఎత్తున వెళ్ళిపోయారు. 2011 డిసెంబర్‌లో సర్వర్లు ఆపేశారు.

మా అంగడిలో ఎక్కువసేపు వెలిగే దివిటీ అమ్మడం ఆపేశాం. చేప నూనెతో మాత్రమే అది తయారవుతుంది. నూనె తీయడం, చేపలు పట్టేవాళ్ళు సాధన చేసి నేర్చుకోవాల్సిన విద్య. కోట కింద సొరంగంలోకి లోతుగా పోవాలంటే ఆ దివిటీ తప్పనిసరి. లెవెల్ 50 యోధుడైనా సరే, చెరువు గట్టు మీద కూర్చునే మనిషిని అడగాల్సిందే.

ఈ మార్పు వచ్చిన కొత్తలో చాట్‌లో నేను చూసిన మాటలు ఇవి. అడిగింది గుంతకల్లులో రైల్వే ఉద్యోగి, డ్యూటీ దిగాక ఆడతాడు. జవాబిచ్చింది మన ధర్మవరం నేతగాడు.

"దివిటీలు ఉన్నాయా తమ్ముడూ?"
"ఐదే ఉన్నాయన్నా. కరెంటు పోయేట్టుంది, బిరీన రా."
"కోట కాడ ఆరుగురం నిలబడినాం. నువ్వే రారాదూ, సొరంగం చూద్దువు."
"నాకు కత్తి పట్టేది రాదన్నా."
"దివిటీ పట్టుకో సాలు."

అతను వెళ్ళాడు. అప్పటిదాకా సొరంగం లోపల ఏముందో అతనికి తెలియదు. మర్నాడు నేను ఫోన్ చేసి అదే పాత ప్రశ్న అడిగితే చెప్పడం ఆపలేదు. మూడో మలుపు దగ్గర రెండు దివిటీలు ఆరిపోయాయట, మిగిలినవాటిని ఒకటి తర్వాత ఒకటి వెలిగించుకుంటూ ఎలా బయటపడ్డారో పూసగుచ్చినట్టు వివరించాడు. వాళ్ళకు దొరికిన నిధి ఏమిటని అడిగితే అదొక్కటే గుర్తు లేదన్నాడు.

రిచర్డ్ రయాన్, స్కాట్ రిగ్బీ, ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ 2006లో ప్రచురించిన పరిశోధనలో ఆట ఆనందానికి మూడు అవసరాలను ముడిపెట్టారు: నా ఇష్టప్రకారం చేస్తున్నాననే స్వేచ్ఛ, నాకు చేతనవుతోందనే నమ్మకం, నాతో మనుషులున్నారనే భావన. ఆ రాత్రి సొరంగంలో మన నేతగాడికి మూడూ కలిసొచ్చాయి. వెళ్ళాలో వద్దో తనే తేల్చుకున్నాడు, తన పని తనకు వచ్చు, ఆరుగురు అతని వెలుగు మీద ఆధారపడ్డారు. పెట్టెలోని గుర్రం వీటిలో ఒక్కటీ ఇవ్వలేదు.

ఎడ్లబండి గొడవ

కోట ఊరి నుంచి సంత ఊరికి ఆటలో ఎడ్లబండి మీద పోవాలి. నిజమైన గడియారంలో 4 నిమిషాలు పడుతుంది. అది విసుగని, తీసేసి క్షణంలో చేరేలా చేద్దామని, ఆ సౌకర్యానికి డబ్బు పెడదామని టీమ్ ఆలోచన. నేను ఒప్పుకోలేదు. మా ముగ్గురి మధ్య బాగా వాదన జరిగింది ఈ బండి మీదే.

చాట్ తీసి చూస్తే, ఆటలో తెలియనివాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడిన మాటల్లో ఎక్కువ భాగం బండిలోనే జరిగింది. చేతికి పని ఉండదు, పక్కన మనిషి ఉంటాడు. "ఏ ఊరప్పా?" అని మొదలవుతుంది. టమాటా ధర, వాన పడిందా లేదా, క్రికెట్ స్కోరు, తర్వాత "సొరంగానికి వస్తావా" అని. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లోనూ ఖండాల మధ్య ఓడ కోసం రేవులో కాచుకోవాల్సి వచ్చేది, పోరాటం తర్వాత శక్తి కోలుకునేదాకా కూర్చోవాల్సి వచ్చేది. ఆ ఖాళీలోనే స్నేహాలు పుట్టాయని నాటి ప్లేయర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2009 డిసెంబర్‌లో, ఒక మీట నొక్కితే వేరే సర్వర్ల (అదే ఆట నడిచే వేరే లోకాల) మనుషులతో జట్టు కట్టిపెట్టే సదుపాయం తెచ్చింది. సమయం కలిసొచ్చింది. మళ్ళీ కలవబోని మనుషులతో మాటలెందుకని జనం మౌనంగా పని ముగించుకుని పోవడం కూడా మొదలైంది. అదే కంపెనీ 2019 ఆగస్టులో పాత ఆటను 'క్లాసిక్' పేరుతో మళ్ళీ తెరిస్తే, లోపలికి పోవడానికి గంటల తరబడి క్యూలు కట్టారు.

విసుగంతా మంచిదని నేననను. ఒక్కడే కూర్చుని ఎదురుచూసే 4 నిమిషాలు నిజంగానే వృథా. అందుకే బండిలో ఇంకెవరూ లేకపోతే ప్రయాణం ఒక్క నిమిషానికి తగ్గేలా చేశాం. ఇద్దరున్నా, ముగ్గురున్నా పూర్తి సమయం. దారిలో ఎద్దు మొండికేయడం, చక్రం దిగబడటం లాంటి చిన్న సంగతులు కలిపాం. తోయడానికి ఇద్దరు కావాలి.

డబ్బు, గొడవలు

డబ్బు విషయంలో మన దగ్గర ఇంకో చిక్కుంది. ఆన్‌లైన్ ఆట అనగానే ఇంట్లో పెద్దవాళ్ళకు రమ్మీ, బెట్టింగ్ గుర్తొస్తాయి. భయపడటం న్యాయమే. ఆంధ్రప్రదేశ్ 2020లోనే డబ్బు పందెం ఆటలను నిషేధించింది, 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. మాది ఆ కోవలోకి రాదు, కానీ తలుపు సందు కూడా తెరవకూడదనుకున్నాం. ఆటలో వస్తువులను నిజమైన డబ్బుకు అమ్ముకోవడం నిషేధం. ఏమొస్తుందో తెలియని పెట్టెను డబ్బుతో అమ్మడమూ లేదు. అలాంటి పెట్టెలను జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చేసింది. అదృష్టం ఎప్పుడు పలుకుతుందో తెలియకపోవడమే మనిషిని లాగుతుంది. ఆ లాగుడుతో డబ్బు తీసుకోవడం నా దృష్టిలో తప్పు. టీమ్ నెల చందా మీద నిలబడాలని నిర్ణయించుకుంది, కష్టంగా ఉంది, అయినా నిలబడుతోంది.

గొడవల్లో పెద్దది పంపకాల దగ్గర వచ్చింది. ఒక గిల్డ్ నాయకుడు అందరూ కలిసి చంపిన రాక్షసుడి కత్తిని తన బామ్మర్దికి ఇచ్చుకున్నాడు. సగం గిల్డ్ లేచిపోయింది. ఎవర్‌క్వెస్ట్ కాలంలోనే గిల్డ్‌లు దీనికి పాయింట్ల పద్ధతి కనిపెట్టాయి. వేటకు వచ్చిన ప్రతిసారీ పాయింట్లు, వస్తువు కావాలంటే ఆ పాయింట్లు ఖర్చు పెట్టాలి. మేము ఇంకా సులువు చేశాం: వేటకు బయల్దేరే ముందే పంపకం పద్ధతి ఏమిటో నాయకుడు ప్రకటించాలి, తర్వాత మార్చడానికి ఆటే ఒప్పుకోదు. నచ్చనివాళ్ళు కోట వాకిట్లోనే ఆగిపోవచ్చు. ఓడిపోయినా, ఏమీ దక్కకపోయినా మనవాళ్ళు తట్టుకుంటారు. మోసపోయామనిపిస్తే మాత్రం మళ్ళీ రారు.

ఇప్పటి పరిస్థితి

పెట్టె తీసేశాక లాగిన్‌లు అనుకున్నట్టే తగ్గాయి. టీమ్‌లో ఒకతను కొన్నాళ్ళు నాతో సరిగా మాట్లాడలేదు. కానీ సంతలో రాత్రిపూట మాట తిరిగొచ్చింది, వచ్చినవాళ్ళు ఎక్కువసేపు ఉంటున్నారు, వెళ్ళినవాళ్ళు పండగలకీ సెలవులకీ తిరిగొస్తున్నారు. టీచరమ్మ వేసవి సెలవుల్లో వచ్చింది. ఆమె మ్యాప్ పూర్తయితే ఆటలో పటంగా అచ్చువేసి, సంతలో అమ్ముకునే హక్కు ఆమెకే ఇస్తామని టీమ్ చెప్పింది. సొరంగం మూడో మలుపు దాటిన భాగం గీయడానికి ఆమె ఇప్పుడు నేతగాడి దివిటీలు కొంటోంది. ఇంజనీరింగ్ అబ్బాయి ఆట మానేశాడు, పరీక్షలు రాస్తున్నాడు. దాన్ని నేను నష్టం కింద రాసుకోలేదు.

తేలనిది ఒకటుంది. గిల్డ్ నాయకులు అలసిపోతున్నారు. వేటకు జనాన్ని పోగుచేసేది వాళ్ళే, తగాదాలు తీర్చేది వాళ్ళే, కొత్తవాళ్ళకు నేర్పేదీ వాళ్ళే. వాళ్ళను అదే ప్రశ్న అడిగితే జరిగిన సంగతి బదులు చేయాల్సిన పనుల జాబితా చెప్తున్నారు. నాయకత్వాన్ని పంటకాలం లెక్కన, మూడు నెలలకొకసారి చేతులు మార్చే పద్ధతిని రెండు గిల్డ్‌లలో మొదలుపెట్టాం. దిగిపోయిన నాయకుడు ఆ మూడు నెలలూ మామూలు ప్లేయర్‌గా ఉండాలి, ఏ పనీ నెత్తిన వేయకూడదని ఆటలోనే నియమం పెట్టాం. ఆ నాయకుల్లో గుంతకల్లు అన్న మొదట దిగాడు. ఇప్పుడు చెరువు దగ్గర చేపలు పట్టడం నేర్చుకుంటున్నాడు.